గుర్రానికి హాస్టలు

మా చెల్లెలి కూతురు సుజాత అమెరికాలో, వర్జీనియాలో వుంటుంది. ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. మామూలుగా మా మాటలు దోసెలపిండి పులవకపోవడం దగ్గర మొదలై నా మోకాళ్ళ నొప్పుల దగ్గర ముగుస్తాయి. ఆ ఆదివారం మాత్రం ఎత్తుకోవడమే, "పెద్దమ్మా, దాన్ని ఏ బోర్డింగులో పెట్టాలో తెలియక రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు" అంది.

నా గుండె ఝల్లుమంది. పదమూడేళ్ళ పిల్లని దూరంగా పంపేటంత అవసరం ఏమొచ్చింది, ఇంట్లో ఏం జరుగుతోందో ఏమిటో! "పిల్లని హాస్టల్లో పెట్టడం ఎందుకే?" అన్నాను.

"పిల్లని కాదు పెద్దమ్మా, గుర్రాన్ని."

సంగతేమిటంటే, మా మనవరాలు మేఘ ఎనిమిదో యేటి నుంచీ గుర్రపుస్వారీ నేర్చుకుంటోంది. ఇక్కడ మన పిల్లలు సంగీతానికీ, కూచిపూడికీ వెళ్ళినట్లు అక్కడ కొందరు పిల్లలు గుర్రాల దగ్గరకు వెళతారు. పోయిన సంవత్సరం వాళ్ళ నాన్న మనసు కరిగి, పదకొండేళ్ళ గోధుమరంగు ఆడగుర్రాన్ని కొనిపెట్టాడు. కొనడమైతే కొన్నారు గానీ, కట్టెయ్యడానికి పెరడు చాలదు. అలాంటి వాళ్ళ కోసమే అక్కడ లాయాలు నడిపేవాళ్ళున్నారు. నెలకింత అని కడితే గదీ, గడ్డీ, నీళ్ళూ, లద్ది ఎత్తడం అంతా వాళ్ళే చూసుకుంటారు. పిల్ల బడి అయ్యాక వెళ్ళి గుర్రాన్ని దువ్వి, ఎక్కి, దిగి, ముద్దు పెట్టుకుని వస్తుంది.

మొదట పెట్టిన చోట మూడు నెలలు వుంచారు. ఆ మూడు నెలల్లో గుర్రానికి డొక్కలు బయటపడ్డాయి. అడిగితే "ఎండలు కదా" అన్నారట. మళ్ళీ అడిగితే "వయసు కదా" అన్నారట. పిల్ల అన్నం మానేసి ఏడ్చింది. చివరికి గుర్రాన్ని తీసుకొచ్చేసి ఓ స్నేహితురాలి పొలంలో తాత్కాలికంగా వుంచారు. ఇప్పుడు రెండో చోటు వెతకాలి. చూసిన ప్రతి చోటా రంగులు వేసిన తలుపులు, పూలకుండీలు, నవ్వు మొహాలు. మనం వెనక్కి తిరిగి వచ్చేశాక లోపల ఏం జరుగుతుందో తెలిసేదెలా? "నువ్వు పుస్తకాలు చదువుతావుగా పెద్దమ్మా, ఏదైనా చూసి చెప్పు" అంది, సగం వేళాకోళంగా, సగం నిజంగా.

నాకు తెలిసిన గుర్రం జట్కా గుర్రం ఒక్కటే. చిన్నప్పుడు స్టేషను నుంచి అమ్మమ్మగారింటికి జట్కాలోనే వెళ్ళేవాళ్ళం. గోనెపట్టా కింద పరిచిన పచ్చగడ్డే మనకు పరుపు, ఆ గడ్డే సాయంత్రానికి గుర్రానికి భోజనం. బండి వెనక్కి వాలితే జట్కావాడు "కాస్త ముందుకు జరగండమ్మా" అని కేకేసేవాడు. ఆ గుర్రం రాత్రి ఎక్కడ పడుకుంటుందో, ఏం తింటుందో ఒక్కనాడూ అడిగినట్లు గుర్తు లేదు. ఇప్పుడు గుర్రాల పుస్తకాలు ముందేసుకుని కూచుంటే, మావారు పేపరు పక్కకి దించి "గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావా?" అన్నారు. పళ్ళు తోమడం మాటెలా వున్నా, పళ్ళు చూసి గుర్రం వయసు చెప్పవచ్చని మాత్రం అప్పటికే చదివేశాను.

చదివిన కొద్దీ నాకు ఆశ్చర్యం వేసింది. సుజాత నిద్ర పాడుచేసిన ఆ ప్రశ్న కొత్తదేం కాదు. గుర్రాన్ని మనిషి మచ్చిక చేసిన నాటి నుంచీ, గుర్రం ఒకరిది, దానికి మేత వేసే చెయ్యి మరొకరిది. ఆ చేతిని నమ్మడమెలాగన్నదే రాజులకూ, సేనానులకూ, వర్తకులకూ కూడా పట్టుకున్న బెంగ.

ముందుగా ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సంగతి. అక్కడ థామస్ హాబ్సన్ అనే ఆయన వుండేవాడు. 1544లో పుట్టాడు. కేంబ్రిడ్జికీ లండనుకీ మధ్య ఉత్తరాలూ, సామాన్లూ మోసే బళ్ళు నడిపేవాడు. బళ్ళకు కట్టని వేళ గుర్రాలను యూనివర్సిటీ కుర్రాళ్ళకు అద్దెకిచ్చేవాడు. ఆయన లాయంలో నలభై దాకా గుర్రాలుండేవట. కుర్రాళ్ళు కుర్రాళ్ళే కదా! ఎవడొచ్చినా అన్నిటికన్నా జోరైన గుర్రమే కావాలనేవాడు. ఎక్కి, అది నురుగులు కక్కేదాకా తోలి, తెచ్చి కట్టేసి పోయేవాడు. మంచి గుర్రాలు అరిగిపోతున్నాయి, తక్కినవి తిని కూచుంటున్నాయి. అప్పుడు హాబ్సన్ ఒక కట్టుబాటు పెట్టాడు. బయటినుంచి వచ్చిన గుర్రం వరసలో అన్నిటికన్నా వెనక నిలబడుతుంది. తలుపు దగ్గరున్న గుర్రం ఏదో అదే ఇస్తాడు. ఇష్టమైతే తీసుకో, లేకపోతే నడిచి వెళ్ళు. ఎంచుకోవడానికి ఏమీ లేని ఎంపికను ఇంగ్లీషువాళ్ళు ఈనాటికీ హాబ్సన్ పేరుతోనే చెప్పుకుంటారు. ఆ మాట వాడేవాళ్ళలో చాలామంది దాన్ని ముసలాయన మొండితనం అనుకుంటారు. నాకలా అనిపించలేదు. నలభై గుర్రాలకూ వంతులవారీగా విశ్రాంతి దొరికేటట్లు చూసిన మనిషి ఆయన. ప్లేగు వచ్చి లండను ప్రయాణాలు ఆపేసిన రోజుల్లో, 1631లో, ఎనభై దాటిన వయసులో పోయాడు. పని ఆగిపోయినందుకే పోయాడని అప్పుడు కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న కవి మిల్టన్ చమత్కారంగా పద్యాలు రాశాడు.

ఇలాంటి లాయాలను ఇంగ్లీషులో లివరీ స్టేబుల్ అంటారు. లివరీ అంటే నౌకర్లు తొడుక్కునే యూనిఫారం అనే నాకు తెలుసు. అసలర్థం యజమాని తన మనుషులకు లెక్కగా ఇచ్చే బత్తెం అట. తిండీ, బట్టా రెండూ అందులోవే. బట్ట వైపు వెళ్ళిన మాట యూనిఫారం అయింది, తిండి వైపు వెళ్ళిన మాట గుర్రపు దాణా అయింది. గుర్రాన్ని లివరీలో పెట్టడమంటే రోజుకింత మేత అని ఒప్పందం చేసుకుని అప్పగించడం. కాబట్టి మొదటి నుంచీ గొడవంతా ఆ "ఇంత" దగ్గరే!

గ్రీసు దేశంలో జెనొఫోన్ అనే సేనాని వుండేవాడు. సోక్రటీసు శిష్యుడు, యుద్ధాలు చేసినవాడు. క్రీస్తుకు పూర్వం 350 ప్రాంతాల్లో గుర్రపుస్వారీ మీద చిన్న పుస్తకం రాశాడు. చిన్నదే గానీ ఇప్పటికీ చదువుతారు. లాయం ఎక్కడ కట్టాలంటే, యజమాని కంటికి గుర్రం మాటిమాటికీ ఆనేచోట కట్టాలంటాడు. ఇంట్లో కొట్టుగది తాళం ఎంత గట్టిగా వుంటుందో, గుర్రం తొట్టిలో మేతకు కూడా అంత కాపలా వుండాలంటాడు. గుర్రం దాణాయే కదా, పోతే పోయిందని ఊరుకున్నవాడు తన ప్రాణాన్ని తానే నిర్లక్ష్యం చేసుకున్నట్లట. ఎందుకంటే యుద్ధంలో తన ప్రాణాన్ని అప్పగించేది ఆ గుర్రానికే. అంటే, ఇరవైమూడు వందల ఏళ్ళ కిందట కూడా దాణా దొంగలుండేవాళ్ళన్నమాట.

మన దగ్గర కౌటిల్యుడు ఇలాంటి విషయాల్లో ఎవర్నీ నమ్మే మనిషి కాదని మీకు తెలుసు. అర్థశాస్త్రంలో గుర్రాల పర్యవేక్షకుడికి ఒక అధ్యాయమే కేటాయించాడు. గుర్రాలు వచ్చిన తీరును బట్టి కానుకగా వచ్చినవీ, కొన్నవీ, యుద్ధంలో దొరికినవీ, లాయంలోనే పుట్టినవీ అని వేరువేరుగా పద్దు రాయాలి. లాయం వెడల్పు గుర్రం పొడవుకు రెట్టింపు వుండాలి. నేల మీద నున్నని పలకలు పరవాలి. ఈనిన ఆడగుర్రానికి మూడు రోజులు నెయ్యి పట్టాలి. బాలింతకు నెయ్యి అనేసరికి నాకు కౌటిల్యుడి మీద ఒక్కసారిగా ఆప్యాయత కలిగింది. పెద్ద గుర్రానికి రోజుకెంత ధాన్యం, ఎంత నూనె, ఎంత ఉప్పు, ఎంత మాంసరసం, చివరికి ఎంత సారాయో కూడా కొలతలతో రాశాడు. వైద్యుడి అశ్రద్ధ వల్ల జబ్బు ముదిరితే చికిత్స ఖర్చుకు రెట్టింపు జరిమానా. మందు వికటిస్తే గుర్రం ఖరీదంతా కట్టాలి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మరొకటి. లాయంలో గుర్రాలతోపాటు కోతులూ, నెమళ్ళూ, జింకలూ, ముంగిసలూ, చకోరాలూ, చిలకలూ, గోరువంకలూ వుండాలన్నాడు. పాముల కోసం ముంగిస సరే. తక్కినవి ఎందుకని అంటే, గుర్రాల కీడును కోతి లాగేస్తుందని పూర్వం నమ్మేవాళ్ళు. నాకు తోచిందేమిటంటే, గుర్రం మందలో బతికే ప్రాణి. ఒంటరిగా నాలుగు గోడల మధ్య కట్టేస్తే దిగులు పడుతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి కదులుతూ, కూస్తూ వుంటే దానికి కాలక్షేపం. శాస్త్రకారుడు ఆ మాట అనలేదు, నేనే అంటున్నాను.

లాయం పని అంటే మనకు గుర్తొచ్చేది నకులుడు. అజ్ఞాతవాసంలో విరాటుడి కొలువులో గుర్రాలను చూసుకున్నాడు. తిక్కనగారి భారతంలో అప్పుడాయన పేరు దామగ్రంథి. ద్రౌపది సైరంధ్రి అయి అంతఃపురంలో ఎన్ని అవస్థలు పడిందో మనం చెప్పుకుంటాం గానీ, విరాటుడి గుర్రాలు ఆ ఏడాదంతా ఎంత అదృష్టం చేసుకున్నాయో ఎవరూ చెప్పుకోరు. నలమహారాజు కూడా అంతే. బాహుకుడై ఋతుపర్ణుడి లాయంలో కుదిరాడు. విదర్భకు ఒక్క రోజులో వెళ్ళాలంటే బక్కచిక్కిన గుర్రాలను తెచ్చి కట్టాడు. రాజు ఇవేం గుర్రాలయ్యా అన్నాడు. అవే రథాన్ని గాలిలా లాక్కుపోయాయి. అయితే ఒక మాట. అవి జాతిని బట్టి సన్నగా వున్న గుర్రాలు. మేత లేక డొక్కలు బయటపడ్డ గుర్రాలు కావు. మొదటి లాయంవాళ్ళు ఈ కథ వినివుంటే "మాదీ నలుడి పద్ధతే" అని వుండేవాళ్ళు!

ఇక మేత వేసేవాడికి గుర్రం బతికితే లాభమా, చస్తే లాభమా అన్నది అసలు చిక్కు. 13వ శతాబ్దం చివర మార్కోపోలో మన దక్షిణ దేశపు తీరాలకు వచ్చాడు. మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి ఎంతో న్యాయంగా పాలిస్తోందని మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులంటారు. ఇంకా దక్షిణాన పాండ్యుల సీమలో గుర్రాల సంగతి చూసి మాత్రం ముక్కుమీద వేలేసుకున్నాడు. హార్మజు, ఏడెను లాంటి రేవుల నుంచి ఓడల మీద గుర్రాలు వచ్చేవి. ఒక్కో గుర్రం వంద మార్కుల వెండికి పైన. రాజు ఏటా రెండు వేలకు పైగా కొనేవాడట. ఏడాది తిరిగేసరికి వందైనా మిగిలేవి కావట. వండిన అన్నమూ, మాంసమూ పెడతారు, గుర్రం వైద్యం తెలిసినవాళ్ళు లేరు అంటాడు. అంతకన్నా గుండె గుభేలుమనే మాట మరొకటి చెప్పాడు. నాడాలు కొట్టేవాళ్ళనూ, వైద్యులనూ ఆ దేశానికి రానివ్వకుండా గుర్రాల వర్తకులే అడ్డుపడేవాళ్ళట. గుర్రాలు చావకపోతే మళ్ళీ కొనేదెవరు?

మార్కోపోలో మాటలన్నీ తు.చ. తప్పకుండా నమ్మాలని నేననను. కౌటిల్యుడి జాబితాలోనూ మాంసరసం వుంది కదా, ఆ తిండే గుర్రాలను చంపిందని ఎలా అనడం? ఇసుకదేశంలో పుట్టిన జంతువును నెలల తరబడి ఓడలో కుదేసి తెచ్చి మన ఉక్కలో దింపితే ఏం తట్టుకుంటుంది? పైగా గుర్రం కడుపు ఒంటి సైజుకు చాలా చిన్నది. రోజంతా కొంచెం కొంచెం గడ్డి కొరుకుతూ వుండాలి. మేత ఒక్కసారిగా మార్చకూడదు. పడనిది తింటే మనలా కక్కుకోవడం కూడా దానికి చేతకాదు. కడుపునొప్పితోనే ప్రాణం పోగొట్టుకునే గుర్రాలు ఇప్పటికీ ఎన్నో వున్నాయి. మన పల్లెల్లో కూడా మేత సంగతి తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఉలవలకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరే గుర్రపు గింజలు. పశువులకోసం ఉడకేసిన ఉలవల నీళ్ళతోనే కాదూ మనం చారు కాచుకుని గొప్పలు పోయేది!

విజయనగరం వచ్చేసరికి ఈ కథ ఇంకా విడ్డూరమైంది. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు 1535 ప్రాంతంలో రాసిపెట్టాడు. కృష్ణదేవరాయలు ఏటా పదమూడు వేల హార్మజు గుర్రాలు కొని, మంచివి తన లాయానికి వుంచుకుని తక్కినవి నాయకులకు ఇచ్చేవాడట. అంతకు ముందు సాళువ నరసింహరాయలు ఇంకో అడుగు ముందుకు వేశాడు. దారిలో గుర్రం చచ్చిపోతుందేమోనని వర్తకులు బెదురుతున్నారని, బతికున్నా చచ్చినా డబ్బు ఇస్తానన్నాడు. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, నిండు ఖరీదు ఇచ్చేవాడట. యుద్ధాలకు గుర్రాలు కావాలి, ఆయన అవసరం ఆయనది. కానీ తోకకూ, గుర్రానికీ ఒకటే ధర అయినప్పుడు ఓడలో ఆ గుర్రానికి అర్ధరాత్రి లేచి నీళ్ళు పెట్టేదెవరండీ? తమాషా ఏమిటంటే, పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమిని భారతాన్ని అంకితం ఇచ్చింది ఈ రాయలకే. ధర్మరాజు యాగాశ్వం వెంట తిరిగే కథ అది. అందులోని ప్రమీల మనకు సినిమాల్లో, నాటకాల్లో పరిచయమే. అర్జునుడి గుర్రాన్ని కట్టేసింది. కట్టేసిన గుర్రానికి మేత సరిగా వేయించిందనే నా నమ్మకం.

ఇంతదాకా రాసినవాళ్ళు అందరూ గుర్రాన్ని పై నుంచి చూసినవాళ్ళు. దాని కళ్ళతో చూసి రాసినామె ఒకరున్నారు. అన్నా సూయెల్. ఇంగ్లండులో 1820లో పుట్టింది. పద్నాలుగో యేట వానలో బడి నుంచి వస్తూ జారిపడి చీలమండలు దెబ్బతీసుకుంది. తర్వాత జన్మలో సరిగా నడవలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా చిన్న గుర్రపుబండే కాళ్ళు. రోజూ తండ్రిని స్టేషనులో దింపి, తీసుకొచ్చేది. కొరడా ముట్టకుండా గుర్రంతో మాట్లాడుతూ తోలేదట. చివరి ఏళ్ళలో మంచం పట్టి, కాగితం ముక్కల మీద కొంచెం కొంచెం రాస్తే తల్లి తిరగరాసి పెట్టింది. అదే "బ్లాక్ బ్యూటీ". 1877 నవంబరులో అచ్చయింది. 1878 ఏప్రిల్లో ఆమె పోయింది. ఒక నల్లగుర్రం తన కథ తానే చెప్పుకున్నట్లు రాసిన ఆ పుస్తకాన్ని చాలామంది పిల్లల పుస్తకం అనుకుంటారు. ఆమె రాసింది గుర్రాలతో పనిచేసే మనుషుల కోసం.

అందులో సుజాత గుర్రం కథ అచ్చంగా వుంది. డాక్టరు స్వారీ చెయ్యమన్నాడని ఒక పెద్దమనిషి గుర్రాన్ని కొంటాడు. ఇంటి దగ్గర చోటు లేక ఒక లాయం అద్దెకు తీసుకుంటాడు, మనిషిని పెడతాడు. మేలైన గడ్డీ, వోట్సూ, తవుడూ అన్నీ పుష్కలంగా తెప్పిస్తాడు. ఆ వచ్చినవాడు మంచి పనివాడే. దువ్వుతాడు, కడుగుతాడు, కసరడు. కానీ నానాటికీ దాణా పలచబడుతుంది. నాకు వోట్సు పెట్టడం లేదని గుర్రం ఎవరితో చెబుతుంది? ఆ ఆలోచన దగ్గరే నాకు పుస్తకం మూసెయ్యాలనిపించింది. చివరికి ఒక రైతు మిత్రుడు గుర్రం చెమట చూసి అనుమానపడతాడు. తీరా చూస్తే పనివాడి చిన్న కొడుకు రోజూ పొద్దున్నే మూతబుట్టలో వోట్సు తీసుకుపోతున్నాడు, ఇంట్లో కుందేళ్ళకు. వాడు జైలుకు వెళతాడు. రెండోవాడు వస్తాడు. వీడు దొంగ కాదు, సోమరి. యజమాని వచ్చేవేళకు జూలు నిగనిగలాడిస్తాడు, కింద గడ్డి మాత్రం తడిసి కుళ్ళుతూ వుంటుంది. గిట్టలు చెడి గుర్రం తడబడుతుంది. నాడాలు కొట్టేవాడు కాలెత్తి చూసి, లాయం శుభ్రం లేదని చెప్పేస్తాడు. పైనుంచి చూస్తే నిగనిగ, కాలెత్తితే కుళ్ళు. ఈ రెండు అధ్యాయాలూ సుజాతకు ఫోనులో చదివి చెప్పాను. అటు వైపు చాలాసేపు మాట లేదు. "మాకూ అంతే పెద్దమ్మా, జూలు మాత్రం ఎప్పుడూ జడలు వేసి వుండేది" అంది.

చోటు సంగతి సరే, పాఠాల సంగతి? లాయం మారితే గురువూ మారతాడు. ప్రపంచంలో దొరికిన వాటిలోకెల్లా పాత గుర్రపు పాఠం మట్టిపలకల మీద వుంది. దాదాపు 3400 ఏళ్ళ కిందట, ఇప్పటి టర్కీలోని హిట్టయిటు రాజ్యంలో, మితన్ని దేశపు కిక్కులి అనే శిక్షకుడు చెప్పింది. రథపు గుర్రాన్ని ఏ రోజు ఎంత నడిపించాలి, ఎంత పరిగెత్తించాలి, ఎప్పుడు కడగాలి అన్నీ దినచర్యలాగా రాయించాడు. చుట్లు లెక్కపెట్టే మాటలు చూడండి. ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న. ఏక, త్రి, పంచ, సప్త అని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అంత దూరాన, మట్టి కింద, గుర్రం నడకలో మన లెక్కలు వినిపించాయంటే నా ఒళ్ళు పులకరించింది.

మనకు ఒక సామెత వుంది, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని. ఇంతకుముందు చెప్పిన జెనొఫోన్ దీనికి సగమే ఒప్పుకుంటాడు. కోపంగా వున్నప్పుడు గుర్రం దగ్గరకే వెళ్ళకు, తర్వాత పశ్చాత్తాపపడే పని ఏదో చేస్తావంటాడు. కొరడాతో నేర్పితే వచ్చే నడక, కొట్టి ఆడించిన నాట్యంలాంటిదట, అందులో అందం వుండదు. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూలు అని ఒకటుంది. దాని పేరు 1572 నాటి కాగితాల్లోనే కనిపిస్తుంది. అక్కడి తెల్లగుర్రాలు పుట్టినప్పుడు నల్లగా వుండి పెరిగేకొద్దీ తెల్లబడతాయి. కొత్తగా చేరినవాళ్ళకు మొదట్లో నెలల తరబడి రికాబులూ ఇవ్వరు, పగ్గాలూ ఇవ్వరు. గురువు పొడుగాటి తాడు పట్టుకుని గుర్రాన్ని చుట్టూ తిప్పుతుంటే, శిష్యుడు దాని మీద నిటారుగా కూచోవడం నేర్చుకోవాలి. ముందు కూచోవడం, తర్వాతే నడపడం. మన సంగీతం మేష్టార్లు సరళీస్వరాలు దాటనివ్వకపోవడం గుర్తొచ్చింది నాకు.

ఆ బడిలో ఆడపిల్లలకు ప్రవేశం ఎప్పుడు దొరికిందో చెబితే నమ్మరు. 2008లో. పేరు కాగితానికెక్కిన నాలుగు వందల ముప్ఫై ఆరేళ్ళకు! 2016లో ఒకామె పూర్తి స్థాయి రౌతు అయింది.

మన దేశంలో ఈ అడ్డు ఇంతగా వుండేది కాదేమో. చాంద్‌బీబీ చేతిమీద డేగను పెట్టుకుని గుర్రం మీద వేటకు వెళుతున్న దక్కనీ చిత్రాలు వున్నాయి. మరాఠా స్త్రీలు కచ్చపోసి కట్టిన చీరతోనే గుర్రాలెక్కారు. యూరపులో గొప్పింటి ఆడవాళ్ళకు మాత్రం రెండు కాళ్ళూ ఒకే వైపుకు వేసుకుని కూచోవాలనే నియమం వందల ఏళ్ళు సాగింది. దానికో ప్రత్యేకమైన జీను. 1830 ప్రాంతంలో దానికి ఇంకో కొమ్ము తగిలించాక, ఆ కూచోవడంతోనే పరిగెత్తించడం, కంచెలు దూకించడం కూడా సాధించారు వాళ్ళు. కానీ గుర్రం పడితే బారెడు పావడా జీనుకు చిక్కుకునేది. మనిషిని ఈడ్చుకుపోయేది. లాగితే ఊడిపోయే పావడాలు 19వ శతాబ్దం ఆఖరి రోజుల్లో వచ్చాయి. అడ్డంగా కూచోవడం మానమనలేదు, పావడా మార్చమన్నారు!

ఒలింపిక్సులో గుర్రాన్ని లయగా నడిపించే పోటీ వుంది. 1948 దాకా దానికి సైన్యంలో ఆఫీసర్లే అర్హులు. ఆ ఏడు స్వీడను జట్టు బంగారు పతకం గెలిచింది. తర్వాత చూస్తే వాళ్ళలో ఒకాయన నిజానికి సార్జంటేనట, పోటీల కోసం పై హోదా ఇచ్చారట. పతకం లాగేసుకున్నారు. 1952లో హెల్సింకీలో గానీ ఆడవాళ్ళనూ, మామూలు మనుషులనూ రానివ్వలేదు. రానిచ్చిన తొలిసారే వెండి పతకం గెలిచింది డెన్మార్కు నుంచి వచ్చిన లిస్ హార్టెల్. 1944లో, ఇరవైమూడేళ్ళ వయసులో, కడుపుతో వున్నప్పుడు ఆమెకు పోలియో వచ్చింది. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది గానీ, ఆమె మోకాళ్ళ కింద మళ్ళీ కదలిక రాలేదు. ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. గుర్రానికి సైగలు చేసేది రౌతు పిక్కలతో. ఆమెకవి పనిచెయ్యవు. నడుమూ, ఒంటి బరువూ అటూ ఇటూ మార్చి చెబితే, జూబిలీ అనే ఆడగుర్రం అర్థం చేసుకునేది. పతకం తీసుకోవడానికి ఆమె మెట్టు ఎక్కుతున్నప్పుడు, బంగారు పతకం గెలిచిన స్వీడను ఆఫీసరు చెయ్యి అందించాడు. 1956లో మళ్ళీ వెండి గెలిచింది. ఒంట్లో చచ్చుబడిన పిల్లలకు గుర్రం ఎక్కించి వైద్యం చేసే కేంద్రాలు యూరపులో లేవడానికి ఆమె ఒక కారణం.

మేఘకు ఈ కథ నేనే చెప్పాను. "అమ్మమ్మా, ఆవిడకి గుర్రం మీద అంత నమ్మకం ఎలా వచ్చింది?" అంది. నాకు జవాబు తోచలేదు.

తర్వాత మూడు ఆదివారాలు సుజాత లాయాలు చూస్తూనే వుంది. ఒకచోట బ్రహ్మాండంగా వుందిట గానీ, చెప్పిన వేళకే రావాలి, మధ్యలో రాకూడదన్నారుట. జెనొఫోన్ కోప్పడతాడని వదిలేశామంది. ఇంకోచోటికి చెప్పకుండా, తెల్లవారుజామున మేతవేళకు వెళ్ళింది. తలుపులకు రంగు వెలిసిపోయి వుంది. పూలకుండీ ఒకటే, అదీ పగిలింది. అరవై దాటిన ఆవిడ ఒకామె, మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని, ఎండుగడ్డిని కాటాలో తూచి పంచుతోంది. గోడ మీద పలక. ఏ గుర్రానికి ఎంత, ఎన్నిసార్లు, ఎవరు వేశారు అని సుద్దతో రాసి వుంది. మా సుజాత వంగి కింద పరిచిన గడ్డి పిడికెడు తీసి వాసన చూసిందిట. "పొడిగానే వుంది పెద్దమ్మా!" అంది నాతో, పెళ్ళికొడుకును చూసివచ్చినంత సంబరంగా. ఆవిడ నవ్వి, పక్క గదిలోని గుర్రం కాలెత్తి గిట్ట చూపించి, "మీకు చూడాల్సింది ఇదేననుకుంటా" అన్నదట.

ఇవన్నీ నేను చెప్పబట్టే చూసిందని నేనూ అనుకోవడం లేదు. మూడు నెలలు పిల్ల ఏడుపు చూసిన తల్లికి పుస్తకాలు కావాలా? గుర్రాన్ని అక్కడ పెట్టి రెండు నెలలు దాటింది. డొక్కలు పూడుతున్నాయి. మేఘ మాత్రం మొహం ముడుచుకుని వుంది. అయిదేళ్ళు నేర్చుకున్న పిల్లను, రికాబులు తీసేసి తాడు కట్టి తిప్పుతోందట కొత్త పంతులమ్మ. "మొదటినుంచి మొదలుపెట్టించింది అమ్మమ్మా" అని గునిసింది. అరుస్తుందా అని అడిగాను. అరవదుట.

"ఇంతకీ లాయంలో కోతి వుందా?" అన్నాను.

కోతి లేదుట. మేక వుందిట. కొత్తగా వచ్చిన గుర్రం బెంగ పెట్టుకోకుండా రాత్రుళ్ళు దాని గదిలో కట్టేస్తారుట. మా గుర్రం గడ్డి సగం అదే తినేస్తోందని పిల్ల ఫిర్యాదు.